అన్న అడిగిన ఒక్క లైను

అన్న పోయిండని ఫోనొచ్చినప్పుడు నేను నార్కట్‌పల్లి అడ్డమీద చౌటుప్పల్ బస్సు కోసం నిలబడి ఉన్న. చేసింది వదిన. "చెల్లె, మీ అన్న ఇగ లేడే" అన్నది. ఆ తర్వాత ఏడుపే. నల్లగొండ దవాఖానల వేసిండ్రని తెలుసు, కిడ్నీలు పనిచేస్తలేవని తెలుసు, ఆదివారం పోయి చూసొద్దామనుకున్న. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది. "ఎక్కుతవా లేదా అక్కా" అని కండక్టరు అరిచింది. బస్సు పోయింది. నేను రోడ్డు దాటి అవతలి దిక్కు నల్లగొండ బస్సెక్కిన.

సొంత అన్న గాదు. చౌటుప్పల్ల మందుల కంపెనీలకు డ్రమ్ముల మీద అతికించే లేబుళ్లు అచ్చేసే ప్రెస్సు ఒకటుంది, పేరెందుకు లే. అండ్ల నా పక్క టేబులు ఆయనది. నేను చేరిన మొదటి రోజే "చెల్లె, మీ ఊర్ల ఏ నీళ్లు తాగుతరు?" అని అడిగిండు. చదువు గాదు, కులం గాదు, నీళ్లు. కొత్తగ ఎవరొచ్చి చేరినా ఆయన మొదటి మాట అదే. ఆయనకు ఆ హక్కు ఉండె, ఎందుకో ముందల చెప్త.

ఇది ఏడ్సుకుంట రాస్తలేను. ఒళ్లు మండి రాస్తున్న. దినాలనాడు అన్న ఇంటి ముందల షామియానా కింద మా ఆఫీసోళ్లు ఒక ఫ్లెక్సీ కట్టిండ్రు. నడుమ అన్న ఫోటో, చుట్టూ పూలు, కింద పెద్దక్షరాలల్ల "ఏనాడూ ఏదీ కోరని నిరాడంబరుడు" అని. మేనేజరు సారు మైకు పట్టుకొని, "ఇన్ని సంవత్సరాల్లో ఆయన నా దగ్గరికి వచ్చి ఒక్కటంటే ఒక్కటి అడగలేదండి. ఎప్పుడూ చిరునవ్వే" అన్నడు. కూసున్నోళ్లంత తలలూపిండ్రు. నేను వదిన దిక్కు చూసిన. ఆమె నా దిక్కే చూస్తున్నది. నిజమేందో మా ఇద్దరికీ తెలుసు.

అడగలేదా? అడిగిండు సారూ! చాయ్ తాగుకుంట అడిగిండు, మీటింగుల అడిగిండు, మెయిలు పెట్టి అడిగిండు, ఆఖరికి లడాయి పెట్టుకొని అడిగిండు. అడిగింది జీతం గాదు, జాగా గాదు, సెలవు గాదు. కంప్యూటర్ల ఒక లైను. చదివేటోళ్లు మీరే చెప్పుండ్రి, అది పెద్ద కోరికనా?

అన్నది మర్రిగూడ దిక్కు ఊరు. గొర్లు కాసే ఇల్లు. ఆ దిక్కు బోరునీళ్లు ఎసుంటియో నల్లగొండ జిల్లాల పుట్టినోళ్లకు చెప్పే పనిలేదు. పుట్టనోళ్లకు చెప్తున్న, ఆ నీళ్లల్ల ఫ్లోరైడు ఉంటది. చిన్నప్పటి సంది తాగినోళ్ల పండ్లు పసుపుబడ్తయి, ఎముకలు వంగుతయి, కీళ్లు బిగుసుకపోతయి. తెలంగాణ వచ్చినంక వాళ్ల ఊళ్లెకు మంచినీళ్ల నల్లాలొచ్చినయ్. అప్పటికే అన్నకు జరగాల్సిందంత జరిగిపోయింది. మెడ తిరగదు. మోచేతులు సగం వంగినకాడనే ఆగిపోయినయ్, చాపరావు. వీడు మంద వెనక నడవలేడని వాళ్ల బాపు కూసోని చేసే పని నేర్సుకొమ్మని నల్లగొండకు కంప్యూటర్ కోర్సుకు తోలిండు.

ఎవరన్న వెనకకెల్లి పిలిస్తే మనమైతే మెడ తిప్పి చూస్తం. అన్నకు ఆ అవకాశం లేదు గదా. ఆఫీసు కుర్చీకి కింద చక్రాలుంటయి. కాళ్లతోని నేలను తన్నుకుంట కుర్చీ మొత్తం తిరిగి వస్తుండె. తిరిగేలోపల పిలిసినోళ్లకు ఇసుగు పుట్టొద్దని, "ఆగుండ్రి, నేనూ కుర్చీ ఇద్దరం వస్తున్నం" అంటుండె. ఆ మాట ఇనాలని ఊకెనే వెనకకెల్లి పిలిసేటోళ్లం మేము. ఆయనకు గూడ తెలుసు, అయినా తిరుగుతుండె.

అయ్యో పాపం అనేటోళ్లను చూస్తే మాత్రం అగ్గి లేస్తుండె. "నేనేం పాపం చేసిన? చేసింది బోరు" అనేటోడు. తిండి సంగతిల గూడ అంతే. జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చుకునేటోడు. టిఫిను మూత ఆయనకు తిరగదు, నేను తీసిచ్చేదాన్ని. ఒకనాడు ముక్క తుంచి నోట్లె పెట్టబోయిన. "మూత తీయి చాలు. నమిలేది నేనే నములుకుంట" అన్నడు. ఏ పనికి సాయం కావాల్నో, ఏ పనికి వద్దో ఆయనకు పక్కా లెక్క ఉండె.

పనిల మాత్రం ఒక్కటే మాట. డ్రమ్ము లోపల ఏమున్నదో పైన గదే రాయాలె. ఒకసారి ఒక కంపెనీకెల్లి ఫోనుచేసి, తారీఖు జర ముందటిది వెయ్యమన్నరు. అన్న ఫోన్లనే, "సారూ, లేబులు చూసి దాన్ని వాడేటోడు మనల్ని నమ్ముతడు, డ్రమ్మును గాదు" అని పెట్టేసిండు. వాళ్లు మల్ల చెయ్యలే.

ఇగ ఆ లైను సంగతి. ఒక్కో లేబులుకు ఒక చిన్న ఫైలు ఉంటది. అండ్ల అంత సాదా రాతనే. సరుకు పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తారీఖు. ఆర్డరు రాంగనే ఆ ఫైలు తెరిచి నంబరు, తారీఖు మార్చాలె. అయితే ఫైలు మీద టకటక రెండుసార్లు నొక్కితే అది నేరుగ అచ్చు మిషను సాఫ్ట్‌వేర్ల తెరుచుకుంటది, రాత మార్చనియ్యది. అచ్చేసేటోళ్లకు గట్లనే కావాలె కాబట్టి దాన్ని ముట్టొద్దు. మేము మాత్రం అదే ఫైలును సాదా రాత దిద్దే ఎడిటర్ల తెరవాలె.

ఆ తెరిచే తొవ్వ వినుండ్రి. ఫైలు మీద మౌసు కుడి బటన్ ఒత్తితే మెనూ దిగుతది. అండ్ల 'ఓపెన్ విత్' కాడికి పోవాలె. పక్కకు ఇంకో మెనూ వస్తది. దాని అడుక్కు పోయి వేరే ప్రోగ్రాం కావాలని నొక్కాలె. మల్లొక డబ్బా తెరుచుకుంటది. దాని పక్కన ఉండే సన్న కడ్డీ పట్టి కిందికి గుంజితే, అగో, అన్నిటికంటె అడుగున మా ఎడిటర్. నొక్కి, మల్ల ఓకే నొక్కాలె. ఒక్క ఫైలుకు గాదు, పొద్దంత ఇదే. మంచిగున్న నాకే తిక్క లేస్తుండె. చెయ్యి చాపరాని మనిషి మౌసును ఆ మూలకెల్లి ఈ మూలకు నడపాలంటే భుజంతోని, నడుముతోని ఒళ్లంత జరపాలె. కీబోర్డు మీద ఆయన వేళ్లు వానలెక్క పడేవి. మౌసు పట్టంగనే పండ్లు బిగబట్టేటోడు. పొద్దుమీకి బస్సుల కుడి భుజం పట్టుకొని కండ్లు మూసుకొని కూసుంటుండె.

"ఆ మెనూల ఎవరెవరున్నరో చూడు చెల్లె" అనేటోడు. వైరస్ వెతుకుత అనేది ఒకటి, ఫైళ్లు మూటగడ్త అనేది ఒకటి, ఫోనుకు పంపుత అనేది ఇంకోటి, ఎక్కడనో ఇంటర్నెట్ల దాచిపెడ్త అనేది ఇంకోటి. "ఈళ్లను ఎవలు పిలిసిండ్రు? కిరాయి కడ్తున్నరా? పిలవనోళ్లందరు వచ్చి జాగా పట్టుకున్నరు. పొద్దంత ఈడ పనిజేసేటోనికి జాగా లేదు. మా బాపు మందకాడికి పోతే ఉన్ని కత్తెర నడుముకే ఉంటది. కత్తిరియ్యాలంటె మల్ల ఇంటికి ఉరుకుతడా?"

ఆ మెనూల మనకు కావాల్సింది మనమే పెట్టుకోవచ్చని అన్న ఎక్కడనో చదివిండు. అచ్చు మిషను ఖరాబై పని ఆగిననాడు దానికి కూసున్నం. చెప్పుడు అన్నది, మౌసు నాది. సెట్టింగులన్ని ఉండే రిజిస్ట్రీ అనే జాగాలకు పోవాలె. అండ్ల జర అటుఇటైతే మిషనే లేవదంటరు. నేను మౌసు ఇడిచిపెట్టిన. "ముందుగాల ఉన్నదున్నట్టు ఒక కాపీ తీసి పక్కకు పెట్టు. ఇగ భయమెందుకు?" అన్నడు. కాపీ తీసినం. అన్ని ఫైళ్లకు వర్తించే, ఫోల్డర్ అసుంటి ఒక అరలకు పోయి, దాని లోపల షెల్ అనే అరల ఒక కొత్త అర చేసినం. దానికి ఏం పేరు పెడ్తే మెనూల అదే కనబడ్తది.

"ఏం పెట్టాలన్నా?" అని అడిగిన.

"గీడ తెరువు."

నాకు నవ్వాగలే. "నవ్వుతవేందే? అది పొద్దంత మనతోని ఇంగ్లీషుల మాట్లాడితే ఊకుంటున్నం గదా. మనం ఒక్క ముక్క మన మాటల చెప్తె దానికేం నొప్పి?" అన్నడు. గట్లనే పెట్టిన. దానికింద కమాండ్ అని ఇంకో అర చేసి, అండ్ల ఎడిటర్ ఎక్కడున్నదో ఆ దారి, చివర్ల శాతం గుర్తు, దాని పక్కన ఒకటి కొట్టినం. ఆ శాతం-ఒకటి ఉన్నకాడికి మనం నొక్కిన ఫైలు పేరొచ్చి కూసుంటదన్నట్టు.

కుడి బటన్ ఒత్తిన. ఇంగ్లీషు లైన్లల్ల పైననే, మన అక్షరాలల్ల 'గీడ తెరువు'. నొక్కంగనే ఫైలు తెరుచుకున్నది! అన్న కుర్చీని ఒక సుట్టు తిప్పిండు. ఆ సంబురం రెండో ఫైలుతోని పోయింది. గసుంటి ఫైలే లేదని ఎదురుమాట్లాడింది మిషను. ఉన్నది, కండ్ల ముందల కనబడ్తున్నది. ఇంకోటి ఒత్తితే తెరుచుకున్నది, ఇంకోటి తెరుచుకోలే. అన్న దాన్ని తిట్టిన తిట్లు ఈడ రాయలేను. పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలిసింది. పేరు నడుమ ఖాళీ ఉన్న ఫైళ్లే తెరుచుకుంటలేవు. ఖాళీ రాంగనే పేరు ఐపోయిందనుకుంటున్నది మిషను. శాతం-ఒకటికి అటొక కొటేషన్ గుర్తు, ఇటొక కొటేషన్ గుర్తు పెట్టినంక అన్నీ తెరుచుకున్నయ్. "దొడ్డికి ఒక్క దిక్కే తడక కడితె గొర్లు ఉంటయా మరి" అన్నడు అన్న, తప్పు మాది గానట్టు.

ఆ తర్వాత కొన్ని నెలలు మంచిగ నడిచింది. బస్సుల భుజం పట్టుకునుడు బందైంది. నార్కట్‌పల్లి దాకా ముచ్చట్లే ముచ్చట్లు. మిగతోళ్లు గూడ మా మిషన్ల పెట్టు, మా మిషన్ల పెట్టు అని వెంటబడ్డరు. అన్న అందరికీ పెట్టించిండు. ప్రతోనికి ఒకటే మాట, "ముందుగాల కాపీ తీయి."

అప్పుడొచ్చిండు ఈ మేనేజరు సారు, హైదరాబాదుకెల్లి. ఒకనాడు బయటి కంపెనీవాళ్లను తీసుకొచ్చి మా సిస్టములు చూపెట్టుకుంట కుడి బటన్ ఒత్తిండు. తెలుగు కనబడ్డది. ఆయన ఏమనుకున్నడో తెలుసా? వైరస్ అనుకున్నడు! నల్లగొండ గడ్డ మీద, తెలుగోళ్లు పనిచేసే ఆఫీసుల, కంప్యూటర్ల తెలుగు కనబడితె రోగమొచ్చిందనుకున్నడు. సిస్టములు రిపేరు చేసేటాయనను పిలిపిచ్చి అన్నిట్లకెల్లి తీసేపిచ్చి, మల్ల ఎవరు పెట్టకుంట రిజిస్ట్రీకి తాళం ఏపిచ్చిండు.

"అది వైరస్ గాదు సార్. నేనే పెట్టిన" అని అన్న కుర్చీతోని తిరిగి చెప్పిండు.

"మీరా? ఎవరిని అడిగి పెట్టారు?"

"నా చేతిని అడిగి పెట్టిన సార్."

"అలా కాదండి. కస్టమర్లు వస్తుంటారు. గీడ ఏంటి గీడ? ఆఫీసు సిస్టమ్స్ మీద ఈ రాతలేంటి?"

"సరే సార్, ఇంగ్లీషుల పెడ్త. పేరు మీ ఇష్టం. లైను మాత్రం ఉండనియ్యుండ్రి" అన్నడు అన్న. ఆ మాట ఇన్నప్పుడు నాకు పానం ఉసూరుమన్నది. మా మాటలనే ఉండాలని లడాయి చేసే మనిషి, తన మాటనే తాను వదులుకున్నడంటే ఆ చెయ్యి ఎంత గుంజుతున్నదో.

"చూద్దాం" అన్నడు సారు.

ఆ చూద్దాం ఇప్పటిదాక చూస్తనే ఉన్నడు. మల్ల అడిగితే రూల్స్ అందరికీ ఒకటే అన్నడు. అందరికీ ఒకటేనంట! అందరి మోచేతులు ఒకటేనా? ఇంకోసారి, అలవాటైతే అదే సులువవుతుంది అని నవ్విండు. ఆ నవ్వుడు చూస్తే నాకు టేబుల్ మీదున్న స్టాప్లర్ ఇసిరికొట్ట బుద్ధయింది. ఆ యేడే దివ్యాంగుల దినమని ఆఫీసుల కేకు తెచ్చి, అన్నకు శాలువ కప్పబోయిండ్రు. అన్న చేతులు చాపలేడు గని మాట చాపిండు. "శాలువ మీరే ఉంచుకోండ్రి సార్. నాకు జాలి వద్దు. నా లైను నాకియ్యుండ్రి." అందరం ఇన్నం. సారు నవ్వి, "అన్న భలే హుషారు" అని ఫోటో దిగిండు. దినాలనాడు ఫ్లెక్సీ మీద ఉన్నది ఆ ఫోటోలకెల్లి కత్తిరిచ్చిన అన్న బొమ్మనే.

ఆ పొడుగు తొవ్వలనే పనిచేసిండు అన్న. మల్ల బస్సుల భుజం పట్టుకునుడు, మాట్లాడకుంట కూసునుడు. నా పని ఆపి ఆయన ఫైళ్లు తెరిచిస్త అంటే, "నీ పని నువ్వు చేసుకో. ఇది నువ్వు తీసిచ్చే మూత గాదు" అన్నడు. కొన్నాళ్లకు మౌసు పట్టిన వేళ్లకు తిమ్మిరి దిగింది. తప్పులు పడ్డయి. తప్పు లేబులు తన చేతికెల్లి పోవుడు ఆయన తట్టుకోలే. ఒక పొద్దు వచ్చి రాజీనామ ఇచ్చి పోయిండు. ఇంట్లనే పాత కంప్యూటర్ పెట్టుకొని ఊరోళ్లకు పెండ్లి కార్డులు కొట్టిచ్చుకుంట కాలం గడిపిండు. ఒకసారి నేను చూసొద్దామని పోతే కుడి బటన్ ఒత్తి చూపెట్టిండు. "గీడెవడు తాళమేస్తడో రమ్మను" అని నవ్విండు.

ఆ లైను లేకనే చచ్చిపోయిండని నేను అంటలే. అంటె అది గూడ తప్పు లేబులే అవుతది. చంపింది కిడ్నీల రోగం. గని ఆయన కొలువు, పదిమందిల కూసోని చేసే పని, బస్సుల ముచ్చట్లు, ఇవి పోయింది మాత్రం ఆ లైను తీసేసినందుకే. ఏనాడూ ఏదీ కోరలేదని రాసినోళ్లు లేబుళ్లు అచ్చేసే మనుషులు! లోపల ఒకటుంటె పైన ఇంకోటి అంటించిండ్రు.

దినాలనాడు భోజనాలకు లేచినంక వదిన నా చెయ్యి పట్టుకున్నది. "గా ఫ్లెక్సీ ఇప్పేయే చెల్లె. నాకు చూడబుద్ధయితలేదు." కుర్చీ ఎక్కి దారాలు కోసిన. సిస్టములు రిపేరు చేసేటాయన వచ్చి రెండో కొస పట్టుకున్నడు. మడత పెట్టినంక మెల్లగ, "అక్కా, తాళమేసింది నేనే. సారు ఎయ్యమంటె ఏసిన, ఎందుకని అడగలే. రేపొచ్చి తీస్త" అన్నడు. తీసిండు గూడ. మాట మీద నిలబడ్డడు, అది గూడ చెప్పాలె గదా.

ఇప్పుడు అన్న టేబుల్‌కాడ నేను కూసుంటున్న, అదే మిషను, అదే కుర్చీ. తాళం తీసి ఆయన పోంగనే పనిల పడ్డ. ముందుగాల కాపీ తీసిన. షెల్ల కొత్త అర చేసిన. పేరు కొట్టేటప్పుడు కండ్లు మసకబారినయ్, తుడుసుకొని కొట్టిన. ఎడిటర్ దారి, శాతం, ఒకటి, అటొక గుర్తు, ఇటొక గుర్తు. ఒక ఫైలు మీద కుడి బటన్ ఒత్తిన.

"ఏం చేస్తున్నారమ్మా అక్కడ?" వెనకకెల్లి మేనేజరు సారు గొంతు.

నా మెడ మంచిగనే తిరుగుతది. తిప్పలే. కాళ్లతోని నేలను తన్నిన.

"ఆగుండ్రి సార్, నేనూ కుర్చీ ఇద్దరం వస్తున్నం."

నేను మొత్తం తిరిగి ఆయన ముఖంల ముఖం పెట్టి చూసిన. "అన్న మిమ్మల్ని ఏమి అడగలేదన్నరు గద సార్. ఇగో, అడిగింది గిదే" అని చెప్పిన. సారు నా భుజం మీదికెల్లి స్క్రీను దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఆడ మెనూ తెరిచే ఉన్నది, పిలవని లైన్లన్నిటి పైన 'గీడ తెరువు' అని.